దరఖాస్తుల కూలి పద్దు

సిద్దిపేట

బిడ్డా,

నువ్వు పంపిన దరఖాస్తు రెండుసార్లు చదివిన. దళితవాడ, తండా ఆడవాళ్లతోని బావుల నీటిమట్టం కొలిపియ్యాలె, వాన లెక్క రాయియ్యాలె అన్నవ్. చదువుతుంటే పాణం లేచొచ్చింది. ఖర్చుల పట్టిక మాత్రం మళ్లీ రాయి. పరికరాలు రాసినవ్, ఫ్లెక్సీలు రాసినవ్, చాయ్ బిస్కెట్లు సుత రాసినవ్. ఆ తల్లుల కూలి యాడ?

నేను నౌకరీల ఉన్నప్పుడు ఇదే తప్పు చేసిన. పత్తి ఏరే రోజులల్ల బావులు కొలిచే పని పెట్టిన. మొదటి వారం వాడంత వచ్చింది, మూడో వారానికి ముగ్గురు మిగిలిన్రు. ఒకామె ఎదురుపడి, "సారూ, ఇయ్యాల కూలి పోతే రేపు పొయ్యి మీద ఏం పెట్టాలె?" అన్నది. అంతకు ముందురోజే నేను రిజిస్టర్ల 'శ్రద్ధ లేదు' అని రాసి ఉన్న. ఆ రెండు మాటలు ఇప్పటికీ గుచ్చుకుంటయి.

మన పాత మెదక్ జిల్లానే చూడు. 2016 అక్టోబర్ 11న వేరుపడేదాక జహీరాబాద్, మనం ఒక్క జిల్లానే. అక్కడి పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల ఎక్కువమంది దళిత ఆడవాళ్లు, చదువు రానోళ్లు. 1990లల్ల కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ పైసలతోని పడావు భూములకు అప్పులిచ్చిన్రు. రైతులు ఆ అప్పు జొన్నలల్ల తీర్చిన్రు. ఊళ్లె ఎవరు ఎంత పేదోళ్లో సంఘమోళ్లే లెక్కగట్టి, ఆ జొన్నలు వాళ్లకు అగ్గువకు అమ్మిన్రు. ముందుగాల గింజల గాబు నిండింది. ఇత్తనాల బ్యాంకులు నడిపిన తల్లులూ, కెమెరాలు పట్టిన తల్లులూ ఆ సంఘాలోళ్లే. మాచునూరుల యునెస్కో సాయంతోని 1998ల రేడియో స్టూడియో లేచింది, లైసెన్సేమో పదేండ్లదాక రాలే. అన్నేండ్లు క్యాసెట్లల్ల రికార్డు చేసి సంఘం మీటింగులల్ల వినిపించిన్రు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాలిల పలికింది.

నీళ్ల ముచ్చటకొస్తే, ఉమ్మడి రాష్ట్రంల నెదర్లాండ్స్ నిధులతోని ఏడు కరువు జిల్లాలల్ల రైతులే బోర్లు కొలిచి, యాసంగికి ముందు నీళ్ల లెక్క కట్టుకున్నరు. నల్గొండ ఉండె అందుల, మహబూబ్‌నగర్ ఉండె, మన మెదక్ లేకుండె. బోరున్న రైతుకు ఆ లెక్కతోని పంట దక్కుతది. బోరు లేని కూలితల్లి చేతికి ఏమొస్తది? ఆమె రాసిన అంకె ఊరందరికి పనికొస్తది గద, ఆమె పూట పోయినందుకు ఊరే బాకీ పడ్డట్టు.

అందుకే కూలి పద్దు అన్నిటికంటె పైన రాయి. నెలకు రెండు పూటలు, ఆ ఊళ్లె ఆ సీజన్ల ఎంత నడుస్తుంటే అంత. పద్దుకు పేరు పైసలిచ్చేటోళ్లు ఏది పెట్టమంటే అది పెట్టు, పైసలు మాత్రం ఆమె చేతికే అందాలె. నాట్ల వారం, పత్తి వారం మీటింగు వద్దు. ఎస్సీ, ఎస్టీల ప్రత్యేక అభివృద్ధి నిధికి 2017 చట్టం ఉన్నది, కలెక్టరేట్ల అది సుత అడుగు. కోత పెడుతమంటే పరికరాలల్ల పెట్టమను. తాడుకు ముడులేసి రాయి కట్టినా బావి లోతు తెలుస్తది.

ఆదివారం రా. ఇద్దరం కూసొని రాద్దాం. మా ఇంటామె సర్వపిండి చేస్తనన్నది.

దీవెనలతో,
మీ సైన్సు సారు