కిల్ట్ ఎవరిది?

మా పిన్ని కొడుకు డబ్లిన్‌లో పుట్టి పెరిగాడు. ఇప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. ఎనిమిదో ఏట నుంచి అక్కడి పైప్ బ్యాండ్‌లో ఉన్నాడు. మొదట డ్రమ్, ఇప్పుడు బ్యాగ్‌పైప్. మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే రాగానే కుంకుమపువ్వు రంగు కిల్ట్‌లో వాడి ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడుతుంది. ఈ ఏడాది అది చూసి నేనో మాట అనేశా: "ఇది స్కాట్లాండ్ వాళ్ళ డ్రెస్ కదరా, ఐర్లాండ్‌ది కాదుగా!"

సరదాగానే అన్నా. రాత్రికి వాడు విడిగా మెసేజ్ పెట్టాడు. "అక్కా, అయితే ఆరేళ్ళుగా నేను వేసుకుంటున్నది ఫేకా?"

స్కూల్లో వాణ్ణి "అసలు మీది ఏ దేశం" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారట. బ్యాండ్‌తో కిల్ట్ వేసుకుని రోడ్డు మీద నడిచిన రోజు మాత్రం ఎవరూ అడగరట. ఇది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. సెమిస్టర్ పరీక్షలు పక్కన పెట్టి మరీ చదివా. చదివింది ఇక్కడ రాస్తున్నా.

నేనన్నది తప్పేం కాదు, కానీ సగమే. పదహారో శతాబ్దంలో ఐరిష్ మగవాళ్ళు వేసుకున్నది లేన్య అనే పొడవాటి నార చొక్కా. చేతులు బాగా వెడల్పు, బోలెడు కుచ్చిళ్ళు. దాని మీద బ్రాట్ అనే ఉన్ని దుప్పటి లాంటిది కప్పుకునేవారు. లేన్యకు ఇష్టమైన రంగు కుంకుమపువ్వు పసుపు. అది ఎంత ఐరిష్ గుర్తు అయిపోయిందంటే, 1537లో ఎనిమిదో హెన్రీ కాలపు చట్టం ఆ రంగు చొక్కాల్నే నిషేధించింది. ఒక్కో చొక్కాకి ఏడు గజాలకు మించి గుడ్డ వాడకూడదని కూడా రాసింది. ఏడు గజాలంటే మనం కట్టుకునే చీర కంటే ఎక్కువ! అంతకు మించి వాడేవాళ్ళు ఉండబట్టే కదా ఆ లెక్క పెట్టాల్సి వచ్చింది.

పొరపాటు ఇక్కడే మొదలైంది. లేన్యను నడుము దగ్గర బెల్టు కట్టి పైకి లాగితే కింద భాగం మోకాళ్ళ దాకా వచ్చి గౌనులా కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు పండితులు కొందరు పాత బొమ్మల్లో, శిల్పాల్లో దీన్ని చూసి "ఇదే మా కిల్ట్" అనుకున్నారు.

కానీ దీనికి ఎదురు సాక్ష్యం ఐరిష్ భాషలోనే ఉంది. రెడ్ హ్యూ ఓ డానెల్ అనే ఐరిష్ ప్రభువు జీవిత చరిత్రను లూయీ ఓ క్లేరీ రాశాడు. అందులో 1594 నాటి ముచ్చట ఒకటుంది. స్కాట్లాండ్ దీవుల నుంచి వచ్చిన కిరాయి సైనికులు పిక్కల దాకా వచ్చే రంగురంగుల దుప్పట్ల మీద నడుముకి బెల్టు కట్టుకునేవారని, ఆ తేడా వల్లే ఐరిష్ వాళ్ళ మధ్య వాళ్ళని గుర్తుపట్టేవారని రాశాడు. కిల్ట్‌కి మూలరూపం ఆ దుప్పటే. అంటే అప్పటి ఐరిష్ రచయిత కళ్ళకి అది పరాయి వేషం! ఇప్పటి పొట్టి కిల్ట్ స్కాట్లాండ్‌లో కూడా పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చిందే.

మరి ఐర్లాండ్‌కి ఎలా వచ్చింది? ఇందులో నాకు బాగా నచ్చిన మనిషి పాట్రిక్ పియర్స్. 1900 నాటికి డబ్లిన్‌లో గేలిక్ భాషా ఉద్యమం ఊపు మీద ఉంది. భాష ఉంది, పాట ఉంది, ఆట ఉంది. వేసుకోవడానికి మాత్రం ఇంగ్లీషు వాళ్ళ ప్యాంటే మిగిలింది. అసలైన ఐరిష్ దుస్తులేమిటో చూద్దామని పియర్స్ మ్యూజియంకి వెళ్ళాడు. అక్కడ కనిపించింది ట్రూస్, అంటే కాళ్ళకి అతుక్కుపోయే పాత ప్యాంటు. ఆ ఏడాది ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆయన ఉద్దేశం ఇది: ఇది వేసుకుని బయటికొస్తే ప్యాంటు మర్చిపోయి లోదుస్తులతో వచ్చేశావనుకుంటారు, అంత ప్రామాణికం కాకపోయినా నువ్వు కిల్టే వేసుకో.

చూశారా, ఆయనకి తెలుసు! మోసపోలేదు, మోసం చేయలేదు. తెలిసే ఎంచుకున్నాడు. స్కాట్లాండ్ గేలిక్, ఐరిష్ అక్కాచెల్లెళ్ళ లాంటి భాషలు. చెల్లెలి చీర అక్క కట్టుకున్నట్టు కిల్ట్ తెచ్చుకున్నారు. రంగు మాత్రం తమదే పెట్టుకున్నారు, హెన్రీ నిషేధించిన ఆ కుంకుమపువ్వు పసుపే. మా వాడి కిల్ట్‌కి గళ్ళు ఎందుకు లేవో నాకు అప్పుడు అర్థమైంది. 1908లో పియర్స్ పెట్టిన సెయింట్ ఎండాస్ స్కూల్లో పిల్లలు కిల్ట్‌లు వేసుకున్నారు. అదే ఏడాది ఏమన్ కెంట్ రోమ్‌లో కిల్ట్ కట్టుకుని పోప్ ముందు పైప్స్ వాయించాడు. 1916 తిరుగుబాటు తర్వాత మే నెలలో బ్రిటిష్ వాళ్ళు ఇద్దరినీ కాల్చి చంపారు.

1943లో మెక్లింటక్ అనే పరిశోధకుడు పాత ఐరిష్ దుస్తుల మీద పుస్తకం రాసి కిల్ట్ ఐరిష్ కాదని తేల్చేశాడు. 1956లో డెర్రీ కౌంటీలోని డంగివెన్ దగ్గర బురదనేలలో పాత బట్టలు దొరికితే, అందులో ఉన్నది కూడా గళ్ళ ట్రూసే, కిల్ట్ కాదు. అయినా ఎవరూ విప్పలేదు. ఐరిష్ సైన్యం పైపర్లు ఈనాటికీ పసుపు కిల్టే వేసుకుంటారు. ఐరిష్ డాన్స్ పోటీల్లో మగపిల్లలు తరాల తరబడి కిల్ట్‌లోనే పెరిగారు. 1994లో రివర్‌డాన్స్ వచ్చాకే ప్యాంట్లకి మారారు. కౌంటీకో గళ్ళ డిజైన్ అంటూ 1990ల్లో స్కాట్లాండ్ మిల్లు ఒకటి అమ్మకానికి పెట్టిన టార్టాన్‌లు మాత్రం నాకు నచ్చలేదు. అది పక్కా వ్యాపారం. (మన ట్రెడిషనల్ డేకి వెల్క్రో పంచెలు అమ్మినట్టు. వాటిని నేనూ కొనిపించాననుకోండి, మా తమ్ముడికి.)

ఇదంతా వీడియో కాల్‌లో మా వాడికి చెప్పా. "పాతదేం కాదురా, సుమారు నూట పాతికేళ్ళ నాటిదే. అప్పుతెచ్చుకున్నదే. కానీ ఫేక్ కాదు. దాన్ని తెచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలుసు" అన్నా. పియర్స్ లోదుస్తుల జోకు దగ్గర మాత్రం పగలబడి నవ్వాడు, బ్యాండ్‌లో అందరికీ చెప్తానన్నాడు. గ్రూపులో అన్న మాటకి సారీ కూడా గ్రూపులోనే చెప్పమన్నాడు. చెప్పా.

వచ్చే మార్చికి కొత్త కిల్ట్ కుట్టించాలట. పాతది మోకాలి పైకి వచ్చేసింది.