కాగితం లేని కచేరీ, మిగిలిపోయే ఈ-వ్యర్థం

సర్కారు దస్త్రం తెరమీదికి రావడానికి చట్టబద్ధమైన పునాది 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం. అది అదే ఏడాది అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. రాతపూర్వకంగా ఉండాలని చట్టం కోరేచోట ఎలక్ట్రానిక్ రూపం చాలునని చెప్పేది 4వ సెక్షన్. ఎలక్ట్రానిక్ సంతకానికి గుర్తింపునిచ్చేది 5వ సెక్షన్. పోటీ పరీక్షల అభ్యర్థులు ఈ రెంటినీ తారుమారు చేసుకుంటారు, జాగ్రత్త. దస్త్రాలు నడిపే ఈ-ఆఫీస్ రూపకర్త జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్ఐసీ).

దస్త్రాలతోపాటు అనుమతులూ తెరమీదికి వచ్చాయి: పర్యావరణ, అటవీ, వన్యప్రాణి, తీరప్రాంత అనుమతులకు ఏకగవాక్షం ‘పరివేష్’ పోర్టల్. ప్రారంభం 2018 ఆగస్టు 10, ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం నాడు. అనుమతి వేగంగా రావడం ఒకటి, అడవికి జరిగే నష్టాన్ని సరిగా తూచడం మరొకటి. వ్యాసరూప ప్రశ్నలో ఈ తేడా తప్పక రాయాలి.

కాగితం ఆదా అయితే చెట్టు మిగులుతుంది, నిజమే. కానీ సర్వర్లకు కరెంటు, చల్లదనం కావాలి. పాతబడిన కంప్యూటర్లలో సీసం, పాదరసం ఉంటాయి. అందుకే ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు–2022 ముఖ్యం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. రీసైక్లింగ్ బాధ్యత ప్రధానంగా ఉత్పత్తిదారుదే.