ముల్లు పైకెళ్లిందని వాల్వ్ పీకించకు



సెకండ్ హ్యాండ్ కారు కొన్నావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ట్రాఫిక్‌లో హీట్ మీటర్ ముల్లు పైకి పోతోందట కదా. మెకానిక్ "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్, పీకేద్దాం" అంటున్నాడట. ఆ పని జరక్కముందే ఈ ఉత్తరం నీ చేతికందాలి.

మీటర్ చేసేది చెప్పడం వరకే. ఇంజన్‌లో కూలెంట్‌ని తాకుతూ చిన్న సెన్సర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. అసలు పని థర్మోస్టాట్‌ది. ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య దారిలో ఉండే వాల్వ్ అది, లోపల మైనం నింపి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్ దారి మూసే ఉంచుతుంది. చాలా కార్లలో 82, 90 డిగ్రీల మధ్య ఎక్కడో ఆ మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ని తెరుస్తుంది. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. చెరువుకి తూము వేరు, నీటిమట్టం చూపే స్కేలు వేరు. స్కేలు మీద అంకె పెరిగిందని తూము తలుపు ఊడబీక్కుంటామా?

ఇక ఎండల మాట. 45 డిగ్రీలు మనకి నిప్పులకొలిమేగానీ ఇంజన్‌కి అది చలే. వాల్వ్ తీసేస్తే ఇంజన్ తన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరికాక జిడ్డుగా పేరుకుంటుంది, అరుగుదల పెరుగుతుంది. ఇంకో చిక్కుంది. కొన్ని ఇంజన్లలో రేడియేటర్‌కి పోని అడ్డదారిని మూసేది కూడా ఈ వాల్వే. అది లేకపోతే కొంత వేడి కూలెంట్ చల్లబడకుండానే తిరిగొచ్చి ముల్లు ఇంకా పైకెక్కొచ్చు.

నీ కారు సంగతి గమనించు. సిగ్నళ్ల దగ్గర ముల్లు ఎక్కి, హైవే మీద దిగుతోందంటే ముందు అనుమానించాల్సింది రేడియేటర్ ఫ్యాన్‌ని, దాని రిలేని. హైవే మీద కూడా ఎక్కుతుంటే కూలెంట్ తగ్గిందో, రేడియేటర్ పూడుకుందో చూడాలి. ముందటి ఓనర్ బోరునీళ్లు పోసుంటే లోపల సున్నం పట్టి ఉంటుంది (ఈ పాపం మన ఊళ్లలో చాలామంది చేస్తారు). ముల్లు బాగా పైకెళ్లినా రేడియేటర్ పై హోస్ చల్లగానే ఉంటే, అప్పుడు వాల్వ్ మూసుకుపోయి ఇరుక్కుందని అనుమానించు. అరగంట నడిపినా ముల్లు కిందనుంచి లేవకపోతే, తెరుచుకుని ఇరుక్కుని ఉండొచ్చు, లేదా సెన్సర్ వైరు ఊడి ఉండొచ్చు. వాల్వ్‌ని విప్పితే పరీక్ష తేలిక: గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి, పొయ్యి మీద కాచు. దానిమీద అచ్చువేసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి.

ముల్లుని కూడా మరీ గుడ్డిగా నమ్మకు. ఇప్పటి కార్లలో చాలావాటికి వేడి కొంత అటూఇటూ అయినా ముల్లు నడిమధ్యే నిలబడేలా చేస్తున్నారు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ చుట్టూ ద్రవమే ఉండదు, లోపల ఇంజన్ మాడిపోతున్నా మీటర్ తక్కువే చూపించొచ్చు. అందుకే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ ట్యాంకు వైపు ఓ చూపు వెయ్యి.

ఎప్పుడైనా ముల్లు ఎర్రగీతకి చేరితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, బండి పక్కకి తీసి ఇంజన్ ఆపు. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్‌లో 100 డిగ్రీలు దాటిన కూలెంట్ ఉంటుంది, తీస్తే ముఖం మీదికి చిమ్ముతుంది.

మెకానిక్‌తో ముందు ఫ్యాన్ చూడమని చెప్పు. వాల్వ్ నిజంగా పాడైతే నీ మోడల్‌కి సరిపోయే డిగ్రీలదే కొత్తది వేయించు, ఆ చోటు ఖాళీగా మాత్రం వదలొద్దు. శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నావట, దోర్నాల ఘాట్ ఎక్కకముందే ఈ పని పూర్తి చేయించు.

మీ మామయ్య