గర్భిణి ఆహారము – ప్రసవానంతర దేహభారము

గర్భిణి ఇద్దరి తిండి తినవలెనని పెద్దలు చెప్పుట మన ఇండ్లలో పరిపాటి. గర్భస్థ శిశువునకు వలసినది రెండింతల అన్నము కాదనియు, సారవంతమైన ఆహారమనియు మేము మనవి చేయుచున్నాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారము గర్భిణికి దినమునకు అదనముగా కావలసినవి 350 కిలోకేలరీలే. పప్పు, గ్రుడ్డు, పాలు, ఆకుకూరలు వీనిని చక్కగా సమకూర్చును.

గోదావరిఖని వంటి గనుల ఊళ్ళలో మరియొక చిక్కు కలదు. రెండవ షిఫ్టు ముగించుకొని భర్త ఇల్లు చేరుసరికి రాత్రి చాల పొద్దుపోవును. అంతవరకు భోజనము చేయక వేచియుండుట అనురాగమే కావచ్చును గాని గర్భిణికి తగదు. ఆమె వేళకు భుజింపవలెను. రక్తహీనత రాకుండ ఇచ్చు ఇనుము మాత్రను టీతో వేసికొనరాదు. టీ ఇనుమును ఒంటబట్టనీయదు, నిమ్మరసము ఒంటబట్టించును. తెలంగాణలో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు నిర్ణయించినది. దీనిని మొగమాటపడక వినియోగించుకొనవలెను.

ప్రసవానంతరము బరువు తగ్గుటకై పస్తుండుట ప్రమాదకరము. పాలిచ్చు తల్లికి తొలి ఆరు మాసములు దినమునకు 600 కిలోకేలరీలు అదనముగా అవసరము. పథ్యము పేరిట కూరలు, నీరు మాన్పించి, నేతి మిఠాయిలు మాత్రము పెట్టుట వలన బలము రాదు, బరువు తగ్గదు. నెలల తరబడి పెరిగిన బరువు నెలల మీదనే తగ్గును. వైద్యుల సలహాపై నడక మేలు.

విద్యార్థులారా! మీ ఇంట గర్భిణియున్నచో చివరి పళ్ళెము ఆమెది కాకుండ చూడుడు.