టర్బో ఇంజన్‌లో కంపెనీ భాగాలు: ఎంతవరకు నమ్మవచ్చు?



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంజన్ల గురించి వ్రాయడానికి ఇతనికేం అర్హత అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన ఉపకారవేతనాల దరఖాస్తులు చూస్తుండగా కోయంబత్తూరులో చదివే ఒక మెకానికల్ విద్యార్థితో పరిచయమైంది. పాత పెట్రోలు కారుకు టర్బో బిగించి రేసు ట్రాక్ మీద నడపాలని అతని కోరిక. బిగించిన రెండో రోజే ఇంజన్ పోయింది. "తాతా, కంపెనీ పిస్టన్లు తట్టుకోలేదు. ఫోర్జింగ్ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు కొనాలి" అన్నాడు. అందుకోసం వాళ్ల అమ్మ గాజులు కుదువ పెట్టడానికి ఇంట్లో మాట్లాడుకుంటున్నారట. "కొనే ముందు విరిగిన ముక్క ఒకసారి చూద్దాం నాయనా" అన్నాను. ఆ తరువాత నాలుగు ఆదివారాలు వర్క్‌షాపులో కూర్చుని నేను నేర్చుకున్నదే ఈ పాఠం.

1. టర్బో చేసే పని

మామూలు ఇంజన్ తనంతట తాను గాలి పీల్చుకుంటుంది. టర్బో ఆ గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. బయటి గాలి పీడనం సుమారు 1 బార్. దానిపై మరొక 1 బార్ బూస్ట్ ఇస్తే మొత్తం 2 బార్లు. అయితే గాలి రెట్టింపు అవుతుందనుకోకూడదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 30 డిగ్రీల గాలి సుమారు 125 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్ దానిని 50 డిగ్రీలకు దించితే, లోపలికి వెళ్లే గాలి బరువు సుమారు 1.88 రెట్లు. గాలికి తగ్గ పెట్రోలు పోస్తే శక్తి కూడా దాదాపు ఆ మేరకు పెరుగుతుంది. ఆ అదనపు బరువును మోయవలసినవి లోపలి పిస్టన్, రింగులు, రాడ్, బేరింగులు, క్రాంక్.

2. ఏ భాగం దేనివల్ల పోతుంది?

ఇక్కడే చాలామంది పొరపడతారు. రాడ్ మీద రెండు రకాల బలాలు పనిచేస్తాయి. పేలుడు పీడనం దానిని కిందికి నొక్కుతుంది. ఇది టార్క్‌తో పెరుగుతుంది. పిస్టన్ పైకి వెళ్లి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు దాని బరువు రాడ్‌ను లాగుతుంది. ఇది వేగం వర్గంతో పెరుగుతుంది. నిమిషానికి 6,000 చుట్ల నుండి 7,200కు వెళితే వేగం పెరిగింది 20 శాతమే గానీ, లాగే బలం పెరిగింది 44 శాతం. కనుక తక్కువ చుట్ల దగ్గర ఎక్కువ బూస్ట్ ఇస్తే రాడ్ వంగుతుంది. చుట్లు మరీ పెంచితే రాడ్ లేదా దాని బోల్టు తెగుతుంది. కంపెనీ రాడ్లు ఉంచుకోదలచినవారు బూస్ట్‌ను మెల్లగా ఎక్కించి, చుట్ల హద్దును కంపెనీ పెట్టిన చోటే ఉంచాలి.

పిస్టన్‌కు అసలు శత్రువు నాకింగ్. మంట వరుసగా వ్యాపించవలసింది పోయి, మిగిలిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా పేలడమే నాకింగ్. పోతపోసిన పిస్టన్ మామూలు పీడనాన్ని బాగానే మోస్తుంది గానీ ఈ సుత్తి దెబ్బలకు రింగుల మధ్య గట్టు విరుగుతుంది. ఫోర్జింగ్ పిస్టన్ ఇంకొంతసేపు ఓర్చుకుంటుంది, అంతే. నాకింగ్ ఆగకపోతే చివరికి అదీ పోతుంది.

రింగుల సందు మరొకటి. వేడికి రింగు సాగుతుంది. సందు చాలకపోతే రెండు కొనలూ ఒకదానికొకటి తగిలి గట్టును విరగ్గొడతాయి. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం సిలిండర్ వ్యాసంలో ప్రతి అంగుళానికి మామూలు ఇంజన్‌లో అంగుళంలో వెయ్యో వంతులు 4, టర్బో ఇంజన్‌లో 5 నుండి 6 సందు ఉంచుతారు. రింగు తయారీదారు వేరే కొలత చెబితే దానినే పాటించాలి.

3. ఒక ప్రసిద్ధ ఉదాహరణ

1993 నుండి 2002 వరకు తయారైన టయోటా సుప్రాలో 2జె.జెడ్.-జి.టి.ఇ. అనే ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్ ఉండేది. వ్యాసం 86 మి.మీ., స్ట్రోక్ 86 మి.మీ., మొత్తం 2,997 సి.సి. జపానులో దాని శక్తిని 280 పి.ఎస్. అని ప్రకటించారు. ఇంజన్ విప్పకుండానే 600 హార్స్‌పవర్‌కు పైగా తీసినవారు ఎందరో ఉన్నారు. కారణం ఏమిటి? కంపెనీయే దానిని టర్బో కోసం రూపొందించింది. పోత ఇనుప బ్లాకు, క్రాంక్‌కు ఏడు మెయిన్ బేరింగులు, పిస్టన్ అడుగున నూనె చిమ్మే జెట్లు, 8.5 కంప్రెషన్ నిష్పత్తి. అదే కుటుంబంలో టర్బో లేని 2జె.జెడ్.-జి.ఇ. ఇంజన్‌కు నిష్పత్తి 10. పేరు ఒకటే గానీ అది మోయగల బూస్ట్ ఒకటి కాదు.

లెక్క చూడండి. ఒక సిలిండర్ 499.5 సి.సి. నిష్పత్తి 8.5 అయితే పైన మిగిలే ఖాళీ 499.5 ÷ 7.5 = 66.6 సి.సి. నిష్పత్తి 10 అయితే 499.5 ÷ 9 = 55.5 సి.సి. చిన్న గదిలో ఎక్కువ గాలిని నొక్కితే వేడి, నాకింగ్ త్వరగా వస్తాయి. ఇక బరువు సంగతి. పిస్టన్ వైశాల్యం సుమారు 58 చదరపు సెం.మీ. లోపల 100 బార్ల పీడనం పుడితే ఒక్క పిస్టన్ మీద దాదాపు ఆరు టన్నుల బరువు!

4. లిమిట్ వేరు, డ్రాయింగ్ పవర్ వేరు

బ్యాంకులో వ్యాపారికి పది లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ మంజూరై ఉండవచ్చు. అయినా ఈ నెల అతని గోదాములో ఉన్న సరుకు చూసి, మార్జిన్ తీసివేసి, డ్రాయింగ్ పవర్ ఎంతో కట్టి, అంతవరకే ఇస్తాం. ఇంజన్‌కూ ఇదే నీతి. "ఈ ఇంజన్ ఇంత తట్టుకుంటుంది" అని అందరూ చెప్పుకునేది లిమిట్. మీ చేతిలోని ఇంజన్ లక్ష కిలోమీటర్లు తిరిగినదైతే దాని సరుకు మీరే లెక్కపెట్టాలి.

తనిఖీ వరుస ఇది: విప్పక ముందే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్. విప్పిన తరువాత సిలిండర్ వ్యాసం పైన, మధ్య, కింద బోర్ గేజ్‌తో కొలవడం. రాడ్ల వంపు, పెద్ద కన్ను గుండ్రదనం చూడడం. రాడ్లకు, క్రాంక్‌కు అయస్కాంత పద్ధతిలో పగుళ్ల పరీక్ష. ప్రతి కొలతా కాగితం మీద వ్రాయాలి. "బాగానే ఉంది" అనే మాటకు ఆడిట్‌లో విలువ లేదు.

కొలతలు సరిపోతే క్రాంక్, రాడ్లు, పిస్టన్లు తిరిగి వాడవచ్చు. బేరింగులు, రింగులు, హెడ్ గ్యాస్కెట్, సాగేలా బిగించే రకం బోల్టులు మాత్రం కొత్తవే వేయాలి. అక్కడ పొదుపు చేస్తే మిగిలేది నష్టమే.

5. ఆ అబ్బాయి ఇంజన్‌లో ఏం జరిగింది?

విప్పి చూస్తే మూడవ పిస్టన్ గట్టు ఒక్కటే విరిగింది. మిగతా మూడూ శుభ్రంగా ఉన్నాయి. మూడవ స్పార్క్ ప్లగ్ తెల్లబడి, దానిపై అల్యూమినియం చుక్కలు కనిపించాయి. "కంపెనీ పిస్టన్ బలహీనమైతే నాలుగూ ఒకే కంపెనీవి కదా, ఒక్కటే ఎందుకు పోయింది?" అని అడిగాను. పద్దు ఒక్కచోట తప్పితే మొత్తం లెడ్జర్ మార్చం, ఆ ఒక్క పద్దు వెతుకుతాం. నాలుగు ఇంజెక్టర్లనూ బెంచి మీద పరీక్షించారు. మూడవది మురికి పట్టి మిగతావాటికంటే తక్కువ పోస్తోంది. పెట్రోలు చాలక ఆ సిలిండర్‌లో నాకింగ్ వచ్చింది. ఖరీదైన పిస్టన్లు వేసి ఉంటే అవి కొన్ని రోజులు ఓర్చుకుని, తరువాత అదే దారి పట్టేవి.

ఇంజెక్టర్లు నాలుగూ మార్చాడు. కంపెనీ పిస్టన్ల సెట్ కొత్తది కొని, రింగుల సందు పెంచాడు. పాత రాడ్లు, క్రాంక్ పరీక్షలో నెగ్గాయి గనుక అవే వాడాడు. బూస్ట్ 0.4 బార్ దాటకుండా కట్టి, నాకింగ్ వింటూ ట్యూనింగ్ చేయించాడు. బండి నడుస్తోంది. గాజులు అమ్మ చేతికే ఉన్నాయి.

6. ఒక హెచ్చరిక

ఇలాంటి బండి రోడ్డు మీదికి తేకండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు, తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. సరదా తీర్చుకోవడానికి కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకులున్నాయి.

అభ్యాసం

1. వ్యాసం 74 మి.మీ., స్ట్రోక్ 75.5 మి.మీ., కంప్రెషన్ నిష్పత్తి 9.5. ఒక సిలిండర్ పైన మిగిలే ఖాళీ ఎంత?
2. చుట్లు 6,000 నుండి 6,600కు పెంచితే రాడ్‌ను లాగే బలం ఎంత శాతం పెరుగుతుంది?

జవాబులు: 1) సుమారు 38.2 సి.సి. 2) 21 శాతం.

విరిగిన భాగాన్ని పారవేయకండి. అది మీకు అందిన రసీదు. ఎంత ఖర్చయిందో, ఎందుకయిందో దాని మీదే వ్రాసి ఉంటుంది. చదివిన తరువాతే కొత్తదానికి డబ్బు తీయండి.