పాత ఫైబరు పడవ: పునరుద్ధరణ విధానము

అరకు లోయ అనగానే కాఫీ తోటలు, వలిసె పూలు, సొరంగముల గుండా సాగు రైలుబండి మనకు స్ఫురించును. పడవ ఎవరికిని స్ఫురింపదు. కాని ఆ లోయకు పడమట మాచ్‌ఖండ్ నదిపై గల జలాపుట్ జలాశయమును, నైరృతి దిశగా సీలేరు, డొంకరాయి, బలిమెల జలాశయములను చూచినవారికి మన్యమున పడవ యెంతటి అవసరమో తెలియును. 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ పథకము మొదలుకొని ఈ జలాశయములు మైదానములకు వెలుగు నిచ్చినవి. కొండలలో మాత్రము పల్లెకును పల్లెకును నడుమ నీటిని నిలిపినవి. 2018 జులైలో గురుప్రియ వంతెన ప్రారంభమగు వరకు బలిమెల నీటికి ఆవల చిక్కుపడిన ఒడిశా పల్లెలకు పడవయే దారి. 2021 మే నెలలో సీలేరు జలాశయమున రాత్రివేళ నాటుపడవలు మునిగి, స్వగ్రామములకు మరలుచున్న వలసకూలీలు పిల్లలతో సహా ప్రాణములు కోల్పోయిరి. తెలుగున పడవ అన్నను, ఉర్దూలో కిష్తీ అన్నను నీటికి భేదము లేదు.

ఇట్టి చోట, సముద్రతీరమున పాతబడిన ఫైబరు మోటారు పడవ నొకదానిని చౌకగా కొని, ఇంటి పెరటిలో బాగుచేసి వాడుకొనవలెనను ఆలోచన సహజమైనది. అది సాధ్యమే. అయితే పని ఎక్కడ ఆరంభింపవలెనన్నదే ప్రశ్న. పెక్కుమంది రంగుతో ఆరంభింతురు. క్రొత్త రంగు వేసిన పాత పడవను చూచినప్పుడు నాకు ముందుగా కలుగునది అనుమానమే.

గాజునారను రెజిన్‌తో కలిపి పడవలు చేయు విద్య 1940 ప్రాంతమున అమెరికాలో రూపుదిద్దుకొనెను. మన తీరమున 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమము తీరమున దిగగల పడవల రూపకల్పనకు పూనుకొన్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఫైబరు పడవలు విరివిగా వచ్చి, తెప్పల స్థానమును చాలవరకు ఆక్రమించినవి.

ఫైబరు కుళ్ళదు, తుప్పు పట్టదు అను మాట నిజమే. కాని ఫైబరు తన కడుపులో దాచుకొన్నవి కుళ్ళును. ఇంజను తగిలించు వెనుక పలక సాధారణముగా రెండు ఫైబరు పొరల నడుమ బిగించిన ప్లైవుడ్. ఇంజను బోల్టు రంధ్రముల వెంట నీరు లోనికి దిగి, యేండ్ల తరబడి ఆ చెక్కను నానబెట్టును. పైకి పలక నున్నగా మెరయుచునే యుండును. చిన్న సుత్తితోనో రూపాయి నాణెముతోనో అంగుళమంగుళము తట్టి వినవలెను. గట్టి భాగము టంగుమని పలుకును. కుళ్ళిన భాగము మద్దెల వలె మందముగా మ్రోగును. సందేహమున్నచో లోపలి వైపునుండి సన్నని రంధ్రము చేసి చూడవలెను. బరమాతో వచ్చిన పొట్టు నల్లగా, తడిగా నున్నచో ఆ పలకను కోసివేసి, ఐ.ఎస్. 710 గుర్తుగల మెరైన్ ప్లైవుడ్‌తో క్రొత్తది కట్టుట తప్ప వేరు దారి లేదు.

రెండవ రహస్యము నేలపలక క్రింది నురుగు. ఇది అలంకారము కాదు. పడవ నీటితో నిండినను మునుగకుండ పట్టునది ఇదియే. లెక్క వేసి చూతము. నూరు లీటర్ల పొడి పాలియురెథేన్ నురుగు తన బరువు పోగా సుమారు 96 కిలోలను నీటిలో తేల్చును. 300 కిలోల ఫైబరు దేహము మునిగినప్పుడు, దాని సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు అనుకొన్నచో, 100 కిలోల బరువుగా మిగులును. ఇంజనుకు మరి 30 కిలోలు కలుపుడు. అనగా పడవ తాను మునుగకుండుటకే సుమారు 135 లీటర్ల నురుగు కావలెను. దానిని పట్టుకొని వ్రేలాడు మనుష్యులకు కావలసినది అదనము. నురుగు నీరు త్రాగి బరువెక్కినచో ఈ లెక్క యంతయు సున్న. అట్టి నురుగును తీసి పారవేయవలెను. ఎండలో పెట్టినను అది ఆరదు.

పడవను పెరటిలో నిలుపునప్పుడు అడుగు దూలమునకు పొడవునా దుంగల ఆసరా ఉండవలెను. రెండు రాళ్ళపై మోపినచో నెలల తరబడిలో అడుగు వంగి, ఆ వంకర శాశ్వతమగును. అనంతగిరి ఘాటు మలుపులలో లారీపై తెచ్చునప్పుడును ఇదే జాగ్రత్త అవసరము.

ఇక ఆరబెట్టుట. జెల్‌కోట్ అనబడు పైపొర గుండా కూడ నీరు అణువణువుగా లోనికి చేరును. లోపలి రసాయనములు అందులో కరిగి ద్రావణమగును. ద్రవాభిసరణము వలన మరింత నీరు లాగబడి, పొక్కులు లేచును. మీరు వృక్షశాస్త్రమున చదివిన సూత్రమే ఇది. పొక్కులను గీకి, మంచినీటితో కడిగి, కప్పు క్రింద గాలి తగులునట్లు వదలవలెను. ఒక పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా అంటించి, ఒక దినము ఎండ తగిలిన పిదప దాని లోపల చెమ్మ కనబడినచో పడవ ఇంకను ఆరలేదని గ్రహింపుడు.

అరకులో కాలనిర్ణయము అతి ముఖ్యము. పాలియెస్టర్ రెజిన్ 15 డిగ్రీలకు దిగువ సరిగా గట్టిపడదు. అక్కడ శీతకాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవును. వర్షకాలమున గాలియే తడి. కావున శీతకాలమంతయు ఆరబెట్టుటకు, ఫాల్గుణ చైత్రములలో పగటివేళ అతుకు వేయుటకు కేటాయించుట ఉత్తమము. చలి ఉన్నదని హార్డెనర్‌ను ఇష్టము వచ్చినట్లు పెంచరాదు. కిలో రెజిన్‌కు 10 నుండి 20 గ్రాములే హద్దు.

అంగడిలో రెజిన్, యాక్సిలరేటర్, హార్డెనర్ అని మూడు సీసాలు ఇత్తురు. యాక్సిలరేటర్ అనగా కోబాల్ట్ లవణము. హార్డెనర్ అనగా పెరాక్సైడ్. ఈ రెండింటిని నేరుగా ఒకదానితో నొకటి ఎన్నడును కలుపరాదు, పేలును. ముందు యాక్సిలరేటర్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపి, వాడబోవు క్షణముననే హార్డెనర్ చేర్చవలెను. హార్డెనర్ చుక్క కంటిలో పడినచో చూపు పోవచ్చును గావున కండ్లద్దములు తప్పనిసరి. రెజిన్ ఆవిరియు, కడుగుటకు వాడు అసిటోనును నిప్పు నందుకొనును. పొయ్యి, బీడీ దరిదాపుల నుండరాదు. రుద్దినప్పుడు రేగు గాజుపొడి ఊపిరితిత్తులకు చెరుపు. పిల్లలను ఆ పెరటికి రానీయకుడు.

పగులును కేవలము పుట్టీతో పూడ్చుట మోసము. దళసరికి పన్నెండు రెట్లు వెడల్పుగా చుట్టును ఏటవాలుగా అరగదీయవలెను. 4 మిల్లీమీటర్ల గోడకు సుమారు 48 మిల్లీమీటర్లు. మ్యాట్ అని అంగడిలో పిలుచు గాజునార చాపను ముక్కలుగా కోసి, దాని బరువుకు రెండు రెట్లకు పైగా రెజిన్ పట్టించి, గాలిబుడగలు పోవునట్లు రోలరుతో అణచవలెను. ఒకేసారి పెక్కు పొరలు వేసినచో పుట్టు వేడికి అతుకే పగులును. గాలి తగిలిన రెజిన్ ఉపరితలము జిగటగా మిగులును గనుక చివరి పూతలో మైనపు ద్రావణము కలుపుదురు. రంగు వేయు ఘట్టము ఇప్పుడు వచ్చును. దానిని గూర్చి చెప్పదగినది స్వల్పము.

సముద్రపు పడవ కొండ నెక్కినప్పుడు రెండు మార్పులు జరుగును. ఘనమీటరు సముద్రజలము 1,025 కిలోలు, మంచినీరు 1,000 కిలోలు; అందుచే అదే బరువుతో పడవ జలాశయమున కొంచెము లోతుగా దిగును. సుమారు 840 మీటర్ల ఎత్తున గల జలాపుట్ వద్ద గాలి సాంద్రత దాదాపు ఎనిమిది శాతము తక్కువ గనుక ఇంజను బలమును తగ్గును. తీరమున పదిమందిని మోసినది ఇచ్చటను పదిమందిని మోయునని అనుకొనరాదు. యంత్రముతో నడచు పడవకు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము ప్రకారము తనిఖీ, రిజిస్ట్రేషను అవసరమని గూడ గుర్తుంచుకొనవలెను.

మనుష్యులను ఎక్కించుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. మోకాలి లోతు దాటిన నిశ్చల జలమున, ఇంజనును తీసి, దాని బరువుకు సమానమైన ఇనుప కడ్డీలను వెనుక పలకకు కట్టి, పడవను పూర్తిగా నీటితో నింపుడు. అంచు నీటిపైన సమముగా నిలిచినచో నురుగు చాలినట్లే. ముక్కు పైకి లేచి వెనుక భాగము క్రుంగినచో, నేలపలకను మరల విప్పి వెనుక వైపున నురుగు చేర్చి, పరీక్షను మొదటినుండి చేయవలెను.