సైలెన్సర్ సెగ ట్యాంకు దాకా రానీయకండి

తార్నాక మెట్రో స్టేషన్ కింద గిరాకీ కోసం ఆగే బైక్ ట్యాక్సీ వాళ్లకూ, ఉస్మానియా హాస్టళ్లకు పార్శిళ్లు తెచ్చే డెలివరీ కుర్రాళ్లకూ బండే బతుకుతెరువు. హబ్సిగూడ నుంచి మెట్టుగూడ దాకా సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ తిరిగే ఆ ఇంజిన్ పొద్దుణ్నుంచి రాత్రి దాకా చల్లారదు. టైర్లు, బ్రేకులు అందరూ చూసుకుంటారు. ట్యాంకుకీ సైలెన్సర్‌కీ మధ్య ఉన్న కాస్త చోటును మాత్రం ఎవరూ వంగి చూడరు. పెట్రోలూ సెగా దగ్గరపడేది అక్కడే.

పెట్రోల్ ఆవిరి మన ఊరి ఏ వాతావరణంలోనైనా చిన్న రవ్వకే అంటుకుంటుంది. సుమారు 250–280 డిగ్రీల వేడి తగిలితే రవ్వ కూడా అక్కర్లేదు. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు పొగ తీసుకెళ్లే బెండు పైపు, ఇంజిన్ బరువు లాగేటప్పుడు అంతకు మించి కాలుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో కేటలిటిక్ కన్వర్టర్ పనిచేసేదే వందల డిగ్రీల వేడిలో. ట్యాంకు వెచ్చబడటం ఒక్కటే అయితే అంత భయం లేదు. ఆ వేడికి పెట్రోల్ పైపు పెళుసెక్కి, బొట్టు జారి బెండు మీద పడటమే అసలు ప్రమాదం.

పైపు ముందు చూడండి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక టార్చి వేసి పెట్రోల్ పైపును వేళ్లతో వంచండి. గట్టిపడినా, సన్నని పగుళ్లు కనిపించినా, క్లిప్పు దగ్గర తడి ఉన్నా మార్చేయండి. పైపు ఎక్కడా ఇంజిన్‌కు గాని, బెండుకు గాని ఆనకూడదు. ఇంజక్షన్ బండ్లలో పెట్రోల్ ఒత్తిడితో వస్తుంది కాబట్టి కంపెనీ పైపే వేయించండి. మామూలు ప్లాస్టిక్ ట్యూబు తొడిగి సర్దుకోవద్దు. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోల్‌కు పాత బండ్ల రబ్బరు త్వరగా పాడయ్యే అవకాశముంది. అలాంటి బండ్లున్నవాళ్లు ఇంకొంచెం తరచుగా చూసుకోవాలి.

సెగను ఆపే రేకు ఎలా ఉండాలి

మంచు దేశాల్లో తిరిగే స్నోమొబైల్‌లో ఇంజిన్, పొగ గొట్టం, ప్లాస్టిక్ ట్యాంకు దగ్గరదగ్గరగా ఇరుక్కుని ఉంటాయి. అక్కడ ట్యాంకును కాపాడేది మెరిసే అల్యూమినియం కవచం, దాని వెనక వదిలిన ఖాళీ. మన బండికీ సూత్రం అదే. మెరిసే వైపు సైలెన్సర్‌కు ఎదురుగా ఉండాలి. రేకు ట్యాంకుకు అంటకూడదు, గాలి ఆడేందుకు సందు వదలాలి. కంపెనీ ఇచ్చిన గార్డును ఊడదీసి పారేయకండి. దాని బోల్టు పోతే ఆ రోజే వేయించండి. బెండుకు గుడ్డపట్టీలు చుట్టించవద్దు. వాననీరు పట్టి గొట్టం తుప్పు పడుతుంది, ఆయిల్ పీలిస్తే అదే అంటుకుంటుంది.

రోజువారీ జాగ్రత్తలు

బంకులో ట్యాంకును అంచు దాకా నింపించకండి. భూమిలోని చల్లని పెట్రోల్ ఎండకు 20 డిగ్రీలు వేడెక్కితే పది లీటర్లకు దాదాపు 200 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. ఒలికితే తుడిచి, ఆరాకే స్టార్ట్ చేయండి.

బండి నడుస్తున్నంతసేపు గాలి వేడిని లాక్కుపోతుంది. ఆపగానే సెగంతా పైకే ఎగదన్నుతుంది. అందుకే ఆపిన వెంటనే ట్యాంకు మూత తీసి చూడకండి. సీటు కింద, ట్యాంకు కింద తుడుపు గుడ్డలు, రెయిన్‌కోటు కవర్లు కుక్కవద్దు. ఎండాకాలంలో క్యాంపస్ రోడ్ల పక్కన ఎండుటాకుల మీద కాలే సైలెన్సర్‌తో బండి నిలపవద్దు.

మంట కనిపిస్తే

తాళం తిప్పి ఇంజిన్ ఆపండి, వీలైతే పెట్రోల్ కాక్ కట్టేయండి, దూరంగా జరగండి. నీళ్లు పోస్తే పెట్రోల్ వాటి మీద తేలి మంట పాకుతుంది. ఇసుకో, పొడి చల్లే ఎక్స్‌టింగ్విషరో వాడండి. 101కు ఫోన్ చేయండి. బ్యాగు కోసం, ఫోన్ కోసం వెనక్కి వెళ్లకండి.

బండి దగ్గర పెట్రోల్ వాసన వస్తుంటే ఒక్క రైడ్ కూడా తీసుకోవద్దు. ఆ ఆర్డర్ క్యాన్సిల్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్ దాకా నెట్టుకెళ్లండి. పోయిన గిరాకీ రేపు మళ్లీ వస్తుంది.